మంగు, మంట, మెడ నలుపు: నలభై ఏడేళ్ళ చర్మానికి ఏది ముందు, ఏది తర్వాత

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. రోజూ స్కూటీ మీద రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు తిరుగుతాను. ఆరేళ్ళుగా రెండు బుగ్గల మీదా, పై పెదవి మీదా మంగు ఉంది. పోయిన ఏడాది మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన పది రోజులకే ముఖం తేటపడింది. ఎనిమిది నెలలు వాడాను. ఇప్పుడు ఒక్క రోజు మానేసినా ముఖం ఎర్రబడి మండుతోంది. గడ్డం మీద మొటిమలు, చెంపల మీద నూగు వస్తున్నాయి. మంగు అంతకుముందు కంటే నల్లగా కనిపిస్తోంది. మెడ వెనక నల్లబడి మందంగా అయింది, ఎంత రుద్దినా పోవడం లేదు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఒళ్ళంతా పొడిబారి దురద. చెప్పుకోలేని చోట కూడా పొడిగా, మంటగా ఉంటోంది, ఈ ఏడాది రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఫిబ్రవరిలో మా అబ్బాయి పెళ్ళి, ఇంకా నాలుగు నెలలుంది. పార్లర్‌లో గ్లూటాథయాన్ ఇంజెక్షన్లు పది తీసుకుంటే రంగు వస్తుందంటున్నారు. నెలకు వెయ్యి రూపాయలకు మించి పెట్టలేను. అద్దం చూసుకోవాలంటేనే బాధగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం. మీరు రాసిన మిగతావన్నీ ఒకటి రెండు వారాలు ఆగగలవు, ఇది ఆగదు.

పది రోజుల్లో మంగును తేటపరచి, మానేయగానే మంట పుట్టించే పూతమందు దాదాపు ఎప్పుడూ స్టెరాయిడ్ కలిసినదే అయి ఉంటుంది. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో ఈ పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి: మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లుయోసినోలోన్. మంగుకని మన దగ్గర చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలా వాటిలో మోమెటాసోన్‌తో పాటు రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, రెటినాల్ జాతికి చెందిన ట్రెటినాయిన్ కూడా కలిసి ఉంటాయి. ఈ మూడు కలిసిన మందుకు వైద్యంలో చోటుంది. చర్మవైద్యులు రాసిస్తే, రాత్రిపూట, మచ్చ ఉన్నంత మేర మాత్రమే, కొద్ది వారాలు రాసి ఆపేయాలి. నెలల తరబడి ముఖమంతా పులుముకునే క్రీము కాదది. స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటర్ మీద అడిగితే ఇస్తూనే ఉన్నారు. అందువల్ల ఇందులో మిమ్మల్ని మీరు నిందించుకోవలసింది ఏమీ లేదు.

అది లోపల చేసే పని ఇదీ. స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను కుదించేస్తుంది, రంగు తయారుచేసే కణాలను కొంతకాలం నెమ్మదింపజేస్తుంది. అందుకే మొదట్లో ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ పై పొర పలచబడుతుంది, తేమను పట్టి ఉంచే శక్తి పోతుంది. మందు ఆపగానే కుదించుకున్న నాళాలన్నీ ఒక్కసారిగా విప్పారతాయి. మీరు చెప్పిన ఎరుపు, మంట, మొటిమలు, నూగు అన్నీ స్టెరాయిడ్ దెబ్బకు గుర్తులే. ఆ మంట తట్టుకోలేక మళ్ళీ అదే ట్యూబు రాస్తే అప్పటికి చల్లబడుతుంది, కానీ చర్మం ఇంకొంచెం పలచబడుతుంది. ఆ చక్రంలోంచి బయటపడటమే మీ మొదటి పని. హైడ్రోక్వినోన్ ఉన్న ట్యూబైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాలాకాలం వాడినవారిలో కొందరికి బుగ్గల మీద నీలి నలుపు మచ్చలు పడతాయి, అవి మంగు కంటే మొండివి.

ఒక్కసారిగా మానేయాలా, రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికి రెండుసార్లకు తగ్గిస్తూ మానాలా అన్నది చర్మవైద్యులు ముఖం చూసి చెప్పాల్సిన మాట. కొందరికి స్టెరాయిడ్ బదులు టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాసి, వాపును అణచుతూ మాన్పిస్తారు. ఈ వారంలోనే వెళ్ళండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, డబ్బు పెట్టలేనని ఆగనక్కర్లేదు. వాడిన ట్యూబును పెట్టెతో సహా తీసుకెళ్ళండి. ఎన్ని నెలలు, రోజుకెన్నిసార్లు రాశారో దాచకుండా చెప్పండి. మంట తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు. మధ్యలో ముఖం ఇప్పటికంటే అధ్వానంగా కనిపించే రోజులు వస్తాయి. అప్పుడు బెదిరి వెనక్కి వెళ్ళకండి. శుభ్రమైన నూలు గుడ్డను చల్లటి నీళ్ళలో ముంచి పిండి ఐదు పది నిమిషాలు ముఖం మీద వేసుకుంటే ఆ మంట దిగుతుంది. ఐసు ముక్క నేరుగా రుద్దవద్దు.

గ్లూటాథయాన్ ఇంజెక్షన్లు వద్దు. రంగు తేలడానికి వీటిని వాడటం మీద అమెరికా, ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థలు హెచ్చరికలు జారీ చేశాయి. నరంలోకి ఎక్కించే మందుకు తీవ్రమైన అలర్జీ వస్తే పార్లర్‌లో దాన్ని ఎదుర్కొనే ఏర్పాటేదీ ఉండదు. ఒకవేళ కాస్త రంగు మారినా, ఆపగానే పోయే మార్పు అది. లేబుల్ లేని, తయారీదారు పేరు సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీములు కూడా వద్దే వద్దు. వాటిలో పాదరసం ఉండే అవకాశముంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. ముఖానికి రాసింది ముఖం దగ్గరే ఆగుతుందనుకోవడం ప్రమాదం.

ఇప్పుడు మీ ముఖానికి ఏం రాయాలి? మొదటి ఆరు వారాలు మూడే మూడు: మెత్తటి క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. విటమిన్ సి సీరమ్, రెటినాల్, రకరకాల యాసిడ్లు, నిమ్మరసం, వంటసోడా, శనగపిండి పూతలు అన్నీ పక్కన పెట్టండి. పలచబడిన చర్మం మీద మంచి మందు కూడా మంటే పుట్టిస్తుంది, ఆ మంట చల్లారాక మన రంగు చర్మంలో నల్లమచ్చ మిగులుతుంది.

ఉదయం మామూలు నీళ్ళతో ముఖం కడిగితే చాలు. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక్కసారి క్లెన్సర్. మామూలు స్నానం సబ్బు క్షారగుణం గలది, దాని పీహెచ్ 9 నుంచి 10 మధ్య ఉంటుంది. చర్మం పై పొర ఆమ్లగుణం వైపు, 5 చుట్టుపక్కల ఉంటుంది. ఆ తేడా వల్ల ప్రతి కడుగుడికీ పై పొరలోని కొవ్వు పోతుంది. దానికి తోడు బోరు నీళ్ళు గట్టి నీళ్ళైతే సబ్బు సరిగా వదలక తెట్టులా చర్మం మీద ఉండిపోతుంది. అందుకే నురగ తక్కువగా వచ్చే, సువాసన లేని, సబ్బు కాని క్లెన్సర్ కొనండి. కడిగాక తువ్వాలుతో అద్దుకోండి, రుద్దవద్దు. ముఖం ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. లేబుల్ మీద గ్లిజరిన్, సెరమైడ్లు, పెట్రోలేటం లాంటి పేర్లుండి సువాసన లేకుంటే సరిపోతుంది, ఖరీదైనదే కానక్కర్లేదు. కొబ్బరినూనె ఒంటికి మంచిదే గానీ, ఇప్పుడు మొటిమలున్న మీ ముఖానికి రాసి వదిలేయవద్దు.

మీ వెయ్యి రూపాయల్లో సగానికి పైగా సన్‌స్క్రీన్‌కే పెట్టండి. మంగు వైద్యంలో సన్‌స్క్రీన్ లేకుండా రాసే ఏ మందైనా దండగే. ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: ఎస్‌పీఎఫ్ (యూవీబీ అనే ఎండ కిరణాల నుంచి రక్షణ కొలత) 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ, పీఏ (యూవీఏ కిరణాల నుంచి రక్షణ కొలత) పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు, జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉండటం. వీటిలో చర్మం రంగు కలిసిన టింటెడ్ రకం దొరికితే అదే తీసుకోండి. మంగును నల్లబరిచేది అతినీల లోహిత కిరణాలొక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మన చామనఛాయ చర్మంలో రంగును పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. టింటెడ్ రకంలోని ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. పైగా ముఖం మీద తెల్లటి పూత కనిపించదు, మంగు కొంచెం కప్పుకుంటుంది కూడా.

అందరూ పొరబడేది పరిమాణంలో. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం యూవీబీ కిరణాలను ఆపుతాయి. ఆ ఒక్క శాతం తేడా కోసం ఎక్కువ ధర పెట్టి, చిటికెడు రాస్తే ఉపయోగం లేదు. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి మీద మొదలు నుంచి కొస దాకా గీత గీసినంత క్రీము ముఖానికీ మెడకూ కావాలి. చెవులు మరచిపోకండి. ఒకేసారి కష్టమైతే సగం రాసి, ఆరాక మిగతా సగం రాయండి. బయల్దేరడానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు ఒకసారి, బడి వదిలే ముందు చెమట అద్దుకుని మరోసారి. ఇలా రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు మూడు నాలుగు వారాలే వస్తుంది. మీ ట్యూబు మూడు నెలలు వస్తోందంటే చాలినంత రాయడం లేదన్నమాట. తరగతి గదిలో కిటికీ పక్కన కుర్చీ ఉంటే మార్చుకోండి. యూవీఏ కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి.

స్కూటీ మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ ఎలాగూ ఉంటుంది, దాని లోపల నూలు స్కార్ఫును రెండు మడతలు వేసి బుగ్గలు కప్పుకోండి. పలచటి షిఫాన్, జార్జెట్ చున్నీలోంచి ఎండ దిగుతుంది. స్కార్ఫు రోజూ ఉతకాలి, లేకపోతే చెమట, దుమ్ము కలిసి గడ్డం మొటిమలు పెరుగుతాయి. ఇంత కప్పుకుంటే విటమిన్ డి ఎలా అని చాలామంది అడుగుతారు. చేతులకూ కాళ్ళకూ తగిలే ఎండ చాలు, ముఖాన్ని బలిపెట్టనక్కర్లేదు. పరీక్షలో తక్కువ తేలితే మాత్రలున్నాయి.

ఆరు వారాలయ్యాక మంట, ఎరుపు పూర్తిగా తగ్గితేనే మంగు మీదకు వెళ్ళాలి. అప్పుడు కూడా స్టెరాయిడ్ లేని మందే. మీలాంటివారికి అజెలాయిక్ యాసిడ్ 10 శాతం మంచి ఆరంభం. మొటిమలకూ పనిచేస్తుంది, ఎక్కువ కాలం వాడినా భయం లేదు. బఠాణీ గింజంత తీసుకుని, రాత్రి మాయిశ్చరైజర్ రాశాక, మచ్చల మీద రోజు విడిచి రోజు రాయండి. పది పదిహేను నిమిషాలు చిమచిమలాడితే ఫరవాలేదు, గంట దాటినా మండితే కడిగేసి వారం ఆపండి. రెండు వారాలు సాఫీగా గడిస్తే రోజూ రాయవచ్చు. 15, 20 శాతం రకాలకు వెళ్ళాలంటే వైద్యులను అడిగి వెళ్ళండి. తేడా కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు మొండి మంగుకు బాగా పనిచేస్తాయి గానీ, రక్తపు గడ్డలు కరగకుండా ఆపే మందు అది. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు, పక్షవాతం, గుండెజబ్బు మీకు గానీ మీ ఇంట్లో గానీ ఉంటే చెప్పాలి, సొంతంగా కొని వేసుకోకూడదు. లేజర్ తొందర అసలే వద్దు. మన చర్మంలో ఆ వేడికి మంగు ఇంకా నల్లబడి తిరిగొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. మంగు పలచబడుతుంది, నిద్రపోతుంది, కానీ పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఎండ, హార్మోన్లు, వంశం కలిసి తెచ్చేది అది. వేసవిలో కొంచెం ముదిరి, వానాకాలంలో కొంచెం తగ్గడం మామూలే. మీ ముఖం శుభ్రంగా, మంట లేకుండా, తేమగా ఉండటాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. పెళ్ళి నాటికి అంతవరకు సాధ్యమే, అది చిన్న విషయమూ కాదు.

రెటినాల్ గురించి చాలా వినే ఉంటారు. ముడతలకు నిజంగా పనిచేసే కొద్ది మందుల్లో రెటినాయిడ్లు ఒకటి, రెటినాల్ ఆ జాతిదే. కానీ మీకు ఈ నాలుగు నెలల్లో వద్దు, పెళ్ళయ్యాక వేసవి దాటాక చూడవచ్చు. అప్పుడైనా వారానికి రెండు రాత్రులతో, బఠాణీ గింజంతతో మొదలు. నెలసరి ఇంకా అప్పుడప్పుడు వస్తోందంటే గర్భం వచ్చే అవకాశం ఇంకా ఉందని అర్థం. గర్భంతో ఉన్నప్పుడు రెటినాయిడ్లు వాడకూడదు.

ఇక ఒంటి పొడి, దురద. మన దేశంలో ఆడవాళ్ళకు 46, 47 ఏళ్ళ ప్రాంతంలో నెలసరి నిలుస్తుంది, మీరు దాని గుమ్మం దగ్గరే ఉన్నారు. వరుసగా పన్నెండు నెలలు రాకపోతేనే నిలిచినట్టు లెక్క. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గేకొద్దీ చర్మంలో నూనె తగ్గుతుంది, నీటిని పట్టి ఉంచే పదార్థం తగ్గుతుంది. నెలసరి నిలిచిన మొదటి ఐదేళ్ళలో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ సుమారు 30 శాతం తరుగుతుంది. మీ అశ్రద్ధ వల్ల వచ్చింది కాదిది. స్నానపు అలవాట్లు మారిస్తే మీరు నమ్మలేనంత తేడా వస్తుంది: పొగలు కక్కే నీళ్ళు మాని గోరువెచ్చటివి, ఐదు పది నిమిషాల్లో స్నానం ముగించడం, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. తుడుచుకున్న మూడు నిమిషాల్లోపు, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె గానీ గ్లిజరిన్ ఉన్న లోషన్ గానీ రాసుకోండి. ఒళ్ళు పూర్తిగా ఆరాక రాస్తే అంత ప్రయోజనం ఉండదు.

నైలాన్ పీచు ఉంటే ఈరోజే పారేయండి. ఏళ్ళ తరబడి దానితో రుద్దేవారికి వీపు మీద, భుజాల మీద అలలు అలలుగా గోధుమ నలుపు పడుతుంది, దురద కూడా ఉంటుంది. మురికనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది. సున్నిపిండి పండగ రోజు ఒంటికి నూనె రాసుకున్నాక మెత్తగా వాడుకోండి, ముఖానికి వద్దు. పసుపు రోజూ రాసుకునే అలవాటుంటే ముఖం మంట తగ్గేదాకా పాదాలకే పరిమితం చేయండి.

ఇవన్నీ చేసినా ఆరు వారాలకు దురద తగ్గకపోతే, పైకి దద్దుర్లేవీ లేకపోతే, కారణం లోపల వెతకాలి. రాత్రిళ్ళు ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికి కూడా దురద ఉంటే అది గజ్జి కావచ్చు, దానికి ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం చేయాలి.

మీ ఉత్తరంలో మెడ నలుపు గురించి రెండు వాక్యాలే రాశారు, కానీ ట్యూబు తర్వాత నేను తొందరపెట్టేది దాని గురించే. మెడ వెనక, చంకల్లో మఖమల్‌లా మందంగా నల్లబడటం మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, అది ఎక్కువెక్కువగా తయారవుతున్నప్పుడు ఆ చోట చర్మకణాలు వేగంగా పెరుగుతాయి. చాలామందికి షుగర్ బయటపడటానికి ఏళ్ళ ముందే మెడ ఈ సంగతి చెబుతుంది. అక్కడే సన్నటి తోలు పులిపిర్లు కూడా వేలాడుతుంటాయి. వాటికి వెంట్రుక కట్టడం, సున్నం పెట్టడం చేయకండి, సున్నం చర్మాన్ని కాలుస్తుంది.

ఒకే రోజు పరగడుపున ఈ పరీక్షలు చేయించుకోండి: షుగర్, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తపరీక్ష, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, మూత్రపరీక్ష. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. థైరాయిడ్ తక్కువైనా ఒళ్ళు పొడిబారుతుంది, జుట్టు రాలుతుంది, నెలసరి తప్పుతుంది. అందుకే అన్నీ వయసు మీదకు తోసేయకూడదు. మెడకు క్రీములతో పెద్దగా ఒరిగేది లేదు. బరువు ఎక్కువుంటే మొత్తం బరువులో ఐదు నుంచి ఏడు శాతం తగ్గడం, వారంలో ఐదు రోజులు అరగంట చురుగ్గా నడవడం, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయడం వల్ల ఆ నలుపు మెల్లగా మెత్తబడుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, చేతికొక లీటరు నీళ్ళ సీసా ఎత్తడంతో మొదలుపెట్టవచ్చు.

చెప్పుకోలేని చోట పొడి, మంట అని రాశారు. రాసినందుకు సంతోషం. చాలామంది ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా భరిస్తారు, చికిత్స మాత్రం తేలికైనది. ఈస్ట్రోజెన్ తగ్గితే యోనిలోని పొర కూడా పలచబడుతుంది, మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గుతాయి, మూత్ర ఇన్ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ రావడానికి అదొక కారణం. అక్కడ సబ్బు, డెట్టాల్, సువాసనల వాష్‌లు ఏవీ వద్దు, నీళ్ళు చాలు. దాంపత్యంలో నొప్పి ఉంటే నీటితో చేసిన లూబ్రికెంట్ వాడండి. గైనకాలజిస్టును కలిస్తే పరీక్షించి, తక్కువ మోతాదు ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీము రాయవచ్చు. మామూలుగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు వాడమంటారు. రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. అదే రోజు నెలసరి ఎలా వస్తోందో కూడా చెప్పండి. గుడ్డలు తడిసిపోయేంత ఎక్కువగా వస్తే గానీ, పన్నెండు నెలలు ఆగి మళ్ళీ రక్తం కనిపిస్తే గానీ ఆలస్యం చేయకూడదు. ఒంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రి చెమటలకు నిద్ర పట్టకపోవడం ఉంటే హార్మోన్ చికిత్స గురించి అడగండి. చర్మం కోసమని మాత్రం దాన్ని వాడరు.

తిండి సంగతిలో నేను పట్టుబట్టేది ఒక్కటే, మాంసకృత్తులు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, అరవై కిలోలుంటే యాభై గ్రాములు. పళ్ళెం నిండా అన్నం, చెంచాడు పప్పు, పలచటి చారుతో అది రాదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, కప్పు గట్టిపప్పులో ఏడెనిమిది, గిన్నెడు పెరుగులో ఆరేడు, గుప్పెడు వేరుశనగల్లో ఏడు గ్రాముల దాకా ఉంటాయి. అన్నం, రొట్టెల్లో ఉన్నవి దీనికి తోడు. అన్నం కొంచెం తగ్గించి వీటిని పెంచితే షుగరుకూ మేలే. కొలాజెన్ పొడుల ధరకు ఇంటిల్లిపాదికీ నెలంతా గుడ్లు వస్తాయి, ఆ పొడి కడుపులోకి వెళ్ళాక మిగతా మాంసకృత్తుల్లాగే అరుగుతుంది. నీళ్ళు దాహానికి తగినన్ని తాగండి. లీటర్ల కొద్దీ అదనంగా తాగితే చర్మానికి తేమ రాదు.

పాదాల పగుళ్ళ గురించి మీరు అడగలేదు, చలికాలం వస్తోంది కాబట్టి చెబుతున్నాను. రాత్రి పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెత్తబడిన పొరను రాయితో తేలిగ్గా గీకి, 10 నుంచి 20 శాతం యూరియా ఉన్న క్రీము రాసి నూలు మేజోళ్ళు వేసుకోండి. పగుళ్ళు లోతుగా చీలి రక్తం వస్తుంటే అవి మానేదాకా యూరియా వద్దు, పెట్రోలియం జెల్లీ రాయండి. షుగర్ ఉందని తేలితే బ్లేడుతో కోయడం, వేడినీళ్ళలో పెట్టడం ప్రమాదం.

ఇప్పుడు పెళ్ళి. చివరి నాలుగు వారాల్లో ముఖానికి కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. ఫేషియల్, బ్లీచ్, పీల్ ఏవీ వద్దు. స్టెరాయిడ్ దెబ్బ తిన్న ముఖం మీద బ్లీచ్ పడితే కాలినట్టే అవుతుంది. నూగుకు చర్మం కుదుటపడ్డాక దారంతో తీయించుకోవడం మేలు, వాక్స్ వద్దు. అది కూడా పెళ్ళికి ఐదారు రోజుల ముందే.

జుట్టుకు రంగు వేసుకుంటారేమో. నల్లరంగుల్లో, నల్ల హెన్నా అని అమ్మే పొడుల్లో కూడా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ళుగా పడినవారికి కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. నుదురు, చెవుల దగ్గర వాచి నీరు కారుతుంది, మానాక నలుపు మిగులుతుంది. రంగు వేసే ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ రంగు వద్దు. పెళ్ళికి పది రోజుల ముందే ఈ పరీక్ష చేస్తే వేరే దారి చూసుకునే వ్యవధి ఉంటుంది. బొట్టుబిళ్ళ పెట్టే చోట దురద గానీ తెల్లమచ్చ గానీ కనిపిస్తే ఆ జిగురు మీకు పడలేదన్నమాట. వెంటనే మానేసి దిద్దుకునే తిలకానికి మారండి, రాత్రిళ్ళు బిళ్ళ తీసేసి పడుకోండి.

మేకప్ చేసేవారిని రెండు వారాల ముందు ఒకసారి పిలిపించి, వారు వాడే ఫౌండేషన్ దవడ కింద రాయించి రెండు రోజులు గమనించండి. పెళ్ళి రోజున ముఖం కడిగి మాయిశ్చరైజర్, పది నిమిషాలాగి సన్‌స్క్రీన్, అది ఆరాక మేకప్. ఆ రాత్రి ఎంత అలిసిపోయినా పడుకునే ముందు కొబ్బరినూనెను దూదితో అద్ది మేకప్ కరిగించి తుడవండి, తర్వాత క్లెన్సర్‌తో ఒకసారి కడగండి. గడ్డం మీద నూనె జిడ్డు మిగలనివ్వకండి. ఆ పైన మాయిశ్చరైజర్ రాసుకుని పడుకోండి. అజెలాయిక్ యాసిడ్ ఆ ఒక్క రాత్రికి ఆపి, మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.